ఫార్నెల్, న్యూఆర్క్, ఎలిమెంట్14: కొనేవారికి మూడూ ఒకటేనా?

ఎలక్ట్రానిక్ విడిభాగాలను తయారీదారు దగ్గర నేరుగా కొనేది ఎక్కువగా లక్షల్లో వాడే పెద్ద సంస్థలే. అయిదు మైక్రోకంట్రోలర్లు కావలసిన డిజైనరుకూ, నెలకు రెండు మూడు వందల బోర్డులు చేసే చిన్న పరిశ్రమకూ డిస్ట్రిబ్యూటరే ఆధారం. పేరున్న డిస్ట్రిబ్యూటర్లు చాలావరకు ఏదో ఒక గ్రూపులో భాగాలు. ఒకే యజమాని కింద నాలుగైదు కంపెనీలు నాలుగైదు పేర్లతో నడుస్తాయి. వాటి వెబ్‌సైట్లు అక్కచెల్లెళ్లలా ఉంటాయి, సరుకు జాబితాలూ చాలామటుకు కలుస్తాయి. అలాంటప్పుడు ఎవరి దగ్గర కొన్నా ఒకటే కదా అనిపించడం సహజం.

ఈ ప్రశ్నను పరీక్షించడానికి ప్రీమియర్ ఫార్నెల్ మంచి ఉదాహరణ. ఫార్నెల్ 1939లో ఇంగ్లండ్‌లోని లీడ్స్‌లో మొదలైంది. న్యూఆర్క్ అంతకన్నా అయిదేళ్లు ముందు, 1934లో, అమెరికాలోని చికాగోలో రేడియో విడిభాగాల దుకాణంగా పుట్టింది. 1968లో క్లీవ్‌లాండ్‌కు చెందిన ప్రీమియర్ ఇండస్ట్రియల్ న్యూఆర్క్‌ను కొన్నది. 1996లో ఫార్నెల్ ఆ ప్రీమియర్‌నే కొనేయడంతో రెండు దేశాల వ్యాపారాలు ఒక గొడుగు కిందికి వచ్చాయి. 2016లో అమెరికా డిస్ట్రిబ్యూటర్ అవ్‌నెట్ మొత్తం గ్రూపును సొంతం చేసుకుంది. ఇప్పుడు యూరప్‌లో ఫార్నెల్, ఉత్తర అమెరికాలో న్యూఆర్క్, ఆసియా పసిఫిక్‌లో ఎలిమెంట్14 అన్న పేర్లతో అమ్మకాలు సాగుతున్నాయి. భారత్‌లో అమ్మేది బెంగళూరు కేంద్రంగా పనిచేసే ఎలిమెంట్14. ఇదే గ్రూపులో బ్రిటన్‌లోని ప్రెస్టన్‌లో సీపీసీ అనే సంస్థ కూడా ఉంది. పనిముట్లు, అలారం సామగ్రి, సౌండ్ సామగ్రి వంటివి మరమ్మతు వృత్తులవారికి అమ్మడం దాని ప్రధాన పని. ఐసీలు కొనేవారికి దానితో అవసరం తక్కువ.

అమెరికాలో డిజైను, హైదరాబాద్‌లో తయారీ జరిగే కంపెనీల్లో ఈ సోదర సంస్థల తేడా తరచు వాదనకు దారితీస్తుంది. డిజైన్ విభాగానికీ కొనుగోలు విభాగానికీ చూపు వేరు. డిజైన్ ఇంజనీరుకు కావలసింది ఫలానా చిప్. కొనుగోలు అధికారికి కావలసింది ఫలానా చిప్ ఫలానా తేదీకి, బిల్లుతో సహా. ఈ రెండు పక్షాలనూ ఎదురెదురుగా నిలబెడితే విషయం తేటపడుతుంది.

డిజైన్ ఇంజనీరు ఇలా మొదలుపెడుతుంది: "సార్, విడిభాగాల జాబితాలో, అదే బీఓఎంలో, న్యూఆర్క్ కోడ్లు ఉన్నాయని వెనక్కి పంపారు. న్యూఆర్క్ అయినా ఎలిమెంట్14 అయినా యజమాని అవ్‌నెట్టే కదా. తయారీదారు పార్ట్ నంబరు ఒకటే, డేటాషీట్ ఒకటే. కోడ్ మార్చి రాయడానికి ఒక రోజంతా పోతుంది. దీనివల్ల బోర్డులో ఏం మారుతుంది?"

కొనుగోలు అధికారి జవాబు: "బోర్డులో ఏమీ మారదమ్మా. కొనుగోలు ఆర్డర్లో మారుతుంది. న్యూఆర్క్ కోడ్‌లో రెండు అంకెలు, ఒకటి రెండు అక్షరాలు, మళ్లీ నాలుగు అంకెలు ఉంటాయి. ఫార్నెల్, ఎలిమెంట్14 కోడ్‌లో ఏడు అంకెలే. మన సిస్టంలో అక్షరాలున్న ఆ కోడ్ ఎక్కిస్తే కొటేషన్ రాదు. స్టోర్స్ వాళ్లు దగ్గరగా ఉన్న ఇంకో నంబరు ఎంచుకుంటే సరుకే మారిపోతుంది."

రెండు కోడ్ పద్ధతులు ఉండటానికి మూలం ఆ సంస్థల చరిత్రలోనే ఉంది. రెండూ వేర్వేరు దేశాల్లో కొన్ని దశాబ్దాలు విడివిడిగా పెరిగాయి. 1996లో యాజమాన్యం కలిసినా పాత కొనుగోలుదారుల రికార్డుల్లో నాటుకుపోయిన నంబర్లు అలాగే మిగిలాయి. ఒక గ్రూపులోని కంపెనీలు బయటికి ఒకటిగా కనిపించినా లోపల ఖాతాలు, కోడ్లు, ధరల పట్టికలు వేరుగా ఉండటం ఈ వ్యాపారంలో మామూలు. న్యూఆర్క్‌లో తెరిచిన ఖాతా, అక్కడ దొరికిన అప్పు గడువు ఎలిమెంట్14లో వాటంతటవే చెల్లవు.

ఇంజనీరు అసలు వాదన నాణ్యత గురించి. "సోదర సంస్థలన్నీ అధీకృత డిస్ట్రిబ్యూటర్లే. నకిలీ చిప్ వస్తుందేమోనన్న భయం ఊరూపేరూ లేని బ్రోకర్ దగ్గర ఉండాలి గానీ వీళ్ల దగ్గర ఎందుకు? న్యూఆర్క్ గిడ్డంగిలో ఉన్న చిప్, సింగపూర్ గిడ్డంగిలో ఉన్న చిప్ ఒకే ఫ్యాక్టరీ నుంచి వచ్చినవే కదా?"

ఈ మాటలో బలముంది. నకిలీ విడిభాగాల సమస్య నిజంగా పెద్దది. అమెరికా సెనేట్ సాయుధ దళాల కమిటీ 2012 మేలో వెలువరించిన నివేదిక, రక్షణ సరఫరా గొలుసులో నకిలీవని అనుమానం కలిగిన ఘటనలను దాదాపు 1,800 గుర్తించింది. వాటిలో చేరిన విడిభాగాల సంఖ్య పది లక్షలు దాటింది. పాత బోర్డుల నుంచి పీకిన చిప్‌ల పైభాగం గీకి, కొత్త గుర్తులు అచ్చువేసి అమ్మిన తీరును ఆ నివేదిక వివరించింది. తయారీదారు నుంచి నేరుగా సరుకు తెచ్చే అధీకృత డిస్ట్రిబ్యూటర్ దగ్గర ఆ దారి మూసుకుపోతుంది. ఆ విషయంలో ఫార్నెల్‌కూ న్యూఆర్క్‌కూ ఎలిమెంట్14కూ తేడా వెతకడం వృథా.

అయితే "సోదర సంస్థ" అన్నంత మాత్రాన "అధీకృత సంస్థ" అయిపోదు. కొనుగోలు అధికారి పట్టుబట్టేది ఇక్కడే. "తయారీదారు అధికారం ఇచ్చేది గ్రూపుకు కాదమ్మా, ఒప్పందానికి. ఒక్కో ఒప్పందం ఒక్కో ప్రాంతానికే పరిమితం కావచ్చు. ఒక బ్రాండు అమెరికాలో ఒక కంపెనీకి ఉండి, ఇక్కడి సోదర కంపెనీకి ఉండకపోవచ్చు. పైగా ఒప్పందాలు మారతాయి. 2019లో టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ అవ్‌నెట్‌తో ఒప్పందం ముగిస్తామని చెప్పింది. 2020 చివరికి ఆ బంధం తెగింది. గ్రూపు పేరు చూసి నమ్ముకుని ఉంటే మన బోర్డులోని చిప్‌ల సంగతేంటి?"

ఇంకో మెలిక కూడా ఉంది. కొన్ని గ్రూపులు తమ స్టాకుతోపాటు ఇతర సరఫరాదారుల స్టాకును చూపించే మార్కెట్‌ప్లేస్‌లు నడుపుతాయి. యారో ఎలక్ట్రానిక్స్ గ్రూపులోని వెరికల్ అటువంటిది. యారో పేరు పక్కనే ఉంది కదా అని ప్రతి పెట్టె యారో గిడ్డంగి నుంచే వస్తుందని అనుకోకూడదు. ప్రతి వరుసలోనూ అసలు అమ్మేదెవరో, సరుకు ఎక్కడి నుంచి బయలుదేరుతుందో చూడాలి. తయారీదారు వరకు జాడ చూపే పత్రం దొరుకుతుందో లేదో అడగాలి. క్వాలిటీ విభాగం అడిగే కన్ఫార్మెన్స్ సర్టిఫికెట్ మీద పడేది గ్రూపు పేరు కాదు, అమ్మిన కంపెనీ పేరు.

ఇంజనీరు ఇక్కడ కొంత తగ్గి, ధర వైపు తిరుగుతుంది. "సరే సార్, అధీకృతమో కాదో చూసుకుందాం. కానీ న్యూఆర్క్‌లో ఈ కన్వర్టర్ ఐసీ నాలుగు డాలర్లకే ఉంది. ఇక్కడ రూపాయల్లో చూస్తే ఎక్కువ. ఒకే గ్రూపులో ఒకే చిప్‌కు రెండు ధరలుంటే తక్కువ ధర వదులుకోవడమెందుకు?"

సోదర సంస్థలు ధరలు ఒకచోట కూర్చుని నిర్ణయించవు. ప్రతి మార్కెట్‌లో పోటీ, అక్కడి స్టాకు, కరెన్సీ, రవాణా బట్టి ధర పెడతాయి. పది ముక్కల ధర ఒకచోట, వంద ముక్కల ధర ఇంకోచోట తక్కువ పడవచ్చు. తెర మీద కనిపించే ధరకూ స్టోర్స్‌లోకి దిగిన సరుకు ధరకూ మధ్య చాలా మెట్లు ఉంటాయి. లెక్క కోసం ఒక ఉదాహరణ తీసుకోవచ్చు. నాలుగు డాలర్ల చిప్‌లు ఇరవై కావాలి, కొరియర్‌కు ముప్ఫై డాలర్లు అనుకుందాం. ఎనభై డాలర్ల సరుకు అక్కడికక్కడే నూట పది అవుతుంది. ముక్క ధర నాలుగు నుంచి అయిదున్నరకు ఎక్కుతుంది. రెండు వేల ముక్కలు తెప్పిస్తే ఇదే కొరియర్ ఖర్చు ముక్కకు లెక్కలోకి రానంత పలచబడుతుంది. చిన్న ఆర్డర్లకు స్థానిక సోదర సంస్థ, పెద్ద ఆర్డర్లకు విదేశీ సంస్థ లాభమని దీన్నిబట్టి నియమం పెట్టలేం గానీ, ముక్క ధర ఒక్కటే పోల్చడం తప్పని మాత్రం తేలుతుంది.

పన్ను సంగతి ఇంకా ముఖ్యం. ఐసీలు కస్టమ్స్‌లో 8542 శీర్షిక కిందికి వస్తాయి. 1997 నుంచి భారత్ భాగస్వామిగా ఉన్న సమాచార సాంకేతిక ఒప్పందం వల్ల వాటి మీద మూల దిగుమతి సుంకం లేదు. ఐజీఎస్టీ 18 శాతం ఉంటుంది. కనెక్టర్లు, స్విచ్చుల్లో కొన్నింటికి సుంకం కూడా పడుతుంది. పన్ను లెక్కగట్టే విలువలో రవాణా ఖర్చు కూడా చేరుతుంది. ఒకే ఆర్డర్‌లో ఐసీ, కనెక్టర్ రెండూ ఉంటే రెండు వరుసలకూ రెండు లెక్కలు.

"బెంగళూరు కంపెనీ బిల్లు చేస్తే రూపాయల్లో చెల్లిస్తాం," అంటాడు కొనుగోలు అధికారి. "జీఎస్టీ బిల్లులోనే కనిపిస్తుంది, ఇన్‌పుట్ క్రెడిట్ మన రిటర్నులోకి దానంతటదే వస్తుంది. దిగుమతి తలనొప్పి వాళ్లది. అదే చిప్ విదేశీ కంపెనీ మన పేరున పంపితే దిగుమతిదారు మనమే. ఐఈసీ నంబరు ఉండాలి, కొరియర్ వాళ్లకు కేవైసీ కాగితాలు ఇవ్వాలి, డాలర్లలో కట్టాలి, ఆ చెల్లింపుకు ఎదురుగా బ్యాంకుకు బిల్ ఆఫ్ ఎంట్రీ చూపాలి. ఆ బిల్ ఆఫ్ ఎంట్రీలో మన జీఎస్టీ నంబరు తప్పుపడితే క్రెడిట్ కోసం నెలలు తిరగాలి. ఇరవై చిప్‌ల కోసం ఇంత పని పెట్టుకుంటామా?"

"అయితే విదేశీ స్టాకు అసలు వద్దంటారా?" అని ఇంజనీరు అడుగుతుంది. "ఎలిమెంట్14 పేజీలోనే సింగపూర్ స్టాకు, బ్రిటన్ స్టాకు, అమెరికా స్టాకు అని విడివిడిగా చూపిస్తారు కదా. అమెరికాలో మూడు వేల ముక్కలున్నాయని కనిపిస్తుంటే మనం ఎనిమిది వారాలు ఆగడం న్యాయమా?"

సోదర సంస్థల వల్ల కొనేవారికి కలిగే అసలైన మేలు ఇదే. దీన్ని ఇంజనీరు సరిగ్గానే పట్టుకుంది. న్యూఆర్క్ సరుకు ప్రధానంగా సౌత్ కరోలినాలోని గాఫ్నీ గిడ్డంగిలో, ఫార్నెల్ సరుకు లీడ్స్‌లోనూ బెల్జియంలోని లియేజ్‌లోనూ, ఎలిమెంట్14 సరుకు సింగపూర్‌లోనూ ఉంటుంది. ఒక చోట లేని చిప్ మరో చోట ఉంటే స్థానిక కంపెనీయే తెప్పించి, తన పేరున బిల్లు చేస్తుంది. కొనేవారు దిగుమతిదారు కానక్కరలేదు, బ్రోకర్ గుమ్మం తొక్కనక్కరలేదు. తయారీదారు లీడ్ టైమ్ నెలల్లో ఉన్నప్పుడు ఇది చిన్న విషయం కాదు. 2021లో మైక్రోకంట్రోలర్లకు ఏడాది వరకు వేచి ఉండాల్సి వచ్చిన రోజుల్లో, మూడు ఖండాల గిడ్డంగులను ఒకే తెర మీద చూడగలగడం చాలా చిన్న పరిశ్రమలకు ఊపిరినిచ్చింది.

ఈ సౌకర్యానికీ షరతులున్నాయి. సోదర గిడ్డంగి నుంచి తెప్పించే వరుసకు విడిగా రవాణా రుసుము పడవచ్చు. తరచు అలాంటి ఆర్డర్‌ను రద్దు చేయడం, సరుకు వాపసు ఇవ్వడం కుదరదు. సింగపూర్ నుంచి వచ్చే వరుస ముందు, అమెరికా నుంచి వచ్చే వరుస తర్వాత చేరతాయి కాబట్టి, ఒక ఆర్డర్ రెండు పెట్టెలుగా, రెండు తేదీల్లో దిగుతుంది. బోర్డు బిగింపుకు ఒక్క చిప్ తక్కువైనా లైను ఆగుతుందన్న సంగతి ప్రొడక్షన్ వాళ్లందరికీ తెలుసు. అందుకే కొనుగోలు విభాగం ఆర్డర్ మొత్తాన్ని ఒక వరుసగా కాక, ఆలస్యంగా వచ్చే వరుస ఏ తేదీకి వస్తుందో చూసి బిగింపు తేదీ ఖాయం చేస్తుంది.

ప్యాకింగ్ తేడా కూడా ఇక్కడే చెప్పుకోవాలి. 0603 సైజు రెసిస్టర్ల రీల్‌లో మామూలుగా 5,000 ముక్కలుంటాయి. ఒక సోదర సంస్థ పూర్తి రీల్‌నే అమ్మితే, ఇంకొకటి అదే రెసిస్టర్‌ను కత్తిరించిన టేపుగా అమ్ముతుంది. కోరితే చిన్న రీల్‌గా చుట్టి ఇస్తుంది, దానికి రుసుము వేస్తుంది. పిక్ అండ్ ప్లేస్ మెషీన్‌కు టేపు మొదట్లో ఖాళీ భాగం కావాలి. ముక్కల లెక్క సరిపోయినా కత్తిరించిన టేపు ఫీడర్‌కు ఎక్కకపోతే ఆపరేటరుకు చేతిపని తప్పదు. తేమ తగలకూడని ఐసీలైతే జాగ్రత్త ఇంకా ఎక్కువ. ఎంఎస్‌ఎల్ 3 తరగతి చిప్‌ను సీలు విప్పిన 168 గంటల్లోగా బోర్డుకు సోల్డర్ చేయాలి, లేదా మళ్లీ బేక్ చేయాలి. డిస్ట్రిబ్యూటర్ గిడ్డంగిలో రీల్ విప్పి కత్తిరించి మళ్లీ ప్యాక్ చేస్తే, కొత్త సీలు, తేమ సూచిక కార్డు ఉన్నాయో లేదో సరుకు దిగగానే చూసుకోవాలి. పార్ట్ నంబరు ఒకటే కాబట్టి సరుకూ ఒకటేనన్న ఇంజనీరు మాట ఇక్కడ నిలవదు. ఆర్డర్ కోడ్ చిప్‌నే కాక ప్యాకింగ్‌ను కూడా చెబుతుంది.

ఇంజనీరు మరో ఉదాహరణ తెస్తుంది. "మౌజర్ సంగతి? టీటీఐ వాళ్లదే కదా. రెంటికీ పైన బెర్క్‌షైర్ హాథవే. టీటీఐ ధర మౌజర్‌లో అడగకూడదా?"

టీటీఐ 2000లో మౌజర్‌ను కొన్నది. 2007లో బెర్క్‌షైర్ హాథవే టీటీఐని కొన్నది. ఇక్కడ సోదర సంస్థల మధ్య హద్దు దేశం కాదు, కొనేవారి అవసరం. టీటీఐ కెపాసిటర్లు, రెసిస్టర్లు, కనెక్టర్ల వంటివాటిని పెద్ద మొత్తాల్లో తయారీ సంస్థలకు సరఫరా చేయడంలో దిట్ట. మౌజర్ టెక్సాస్‌లోని మాన్స్‌ఫీల్డ్ నుంచి, కొత్తగా విడుదలైన చిప్‌లతో సహా విస్తారమైన జాబితాలోంచి ఒక్క ముక్కైనా పంపుతుంది. ఒకటి ప్రొడక్షన్‌కు, మరొకటి నమూనాలకు. అవ్‌నెట్‌కూ ఫార్నెల్‌కూ ఉన్న తేడా అలాంటిదే. ఏడాది పొడవునా నెలనెలా ఇన్ని అని షెడ్యూలు ఇచ్చి, ధర మాట్లాడుకుని, స్టాకు పక్కన పెట్టించుకోవడానికి అవ్‌నెట్ తగినది. రేపటికి పది ముక్కలు కావాలంటే ఫార్నెల్, న్యూఆర్క్, ఎలిమెంట్14 తగినవి. నమూనా దశలో ఫార్నెల్ ధరను రెండు వేలతో గుణించి ప్రొడక్షన్ ఖర్చు అంచనా వేస్తే ఆ అంచనా తప్పుతుంది.

ఆర్ఎస్ అనే మరో డిస్ట్రిబ్యూటర్ గ్రూపులో పరిస్థితి దీనికి ఎదురు. 1937లో లండన్‌లో రేడియోస్పేర్స్‌గా మొదలైన ఆ వ్యాపారం 1999లో అమెరికాలోని అలైడ్ ఎలక్ట్రానిక్స్‌ను కొన్నది. మాతృ సంస్థ 2022లో ఆర్ఎస్ గ్రూపుగా పేరు మార్చుకుంది, ఆపై అలైడ్ పేరు కూడా ఆర్ఎస్‌గా మారింది. ఇప్పుడు పేరు ఒకటే అయినా దేశానికో కంపెనీ, దేశానికో స్టాకు. భారత్‌లో దాని వ్యాపారం కంట్రోల్స్ అండ్ స్విచ్‌గేర్ గ్రూపుతో భాగస్వామ్యంగా మొదలైంది. పేర్లు వేరైతే తేడా ఉందేమోనని కొనేవారు కనీసం అనుమానిస్తారు. పేరు ఒకటే అయినప్పుడు ఆ అనుమానం కూడా రాదు కనుక మరింత జాగ్రత్త అవసరం.

హైదరాబాద్‌కు ప్రత్యేకంగా వర్తించే విషయం ఎగుమతి నియంత్రణ. రక్షణ పరిశోధన సంస్థలకు, ఈసీఐఎల్‌కు, భారత్ డైనమిక్స్‌కు బోర్డులు చేసిచ్చే చిన్న పరిశ్రమలు ఇక్కడ ఎన్నో ఉన్నాయి. మైనస్ 55 నుంచి 125 డిగ్రీల సెల్సియస్ వరకు పనిచేసే ఐసీల్లో చాలావాటి మీద అమెరికా ఎగుమతి నిబంధనల్లో అదనపు నియంత్రణ ఉంటుంది. ఆ చిప్ అమెరికాలో తయారైనదైతే బ్రిటన్‌లోని సోదర సంస్థ నుంచి కొన్నా ఆ నిబంధన వెంట వస్తుంది, దానికి బ్రిటన్ నిబంధనలు తోడవుతాయి. చివరికి ఎవరు, దేనికి వాడతారో రాసి సంతకం చేసిన పత్రం అడుగుతారు. "ఒక సోదర సంస్థ కాదంటే ఇంకో దానిలో ప్రయత్నిద్దాం" అన్న ఆలోచన ఈ విషయంలో పనికిరాదు. అది చట్టంతో చెలగాటం.

"ఇంతకీ బీఓఎం ఎలా రాయమంటారు సార్?" అని ఇంజనీరు అడిగినప్పుడు కొనుగోలు అధికారి సూచన సూటిగా ఉంటుంది. "మొదటి గడిలో తయారీదారు పేరు, పూర్తి పార్ట్ నంబరు. ప్యాకింగ్‌ను చెప్పే చివరి అక్షరాలు వదలొద్దు. డిస్ట్రిబ్యూటర్ కోడ్ రాస్తే పక్కనే అది ఏ కంపెనీదో, ఏ దేశం సైటుదో రాయండి. దానికి బదులుగా వాడదగిన రెండో తయారీదారు చిప్ ఉంటే అది కూడా మీరే చెప్పాలి. అది మేం తేల్చగలిగేది కాదు."

ఇంజనీరు ఒప్పుకుంటుంది గానీ ఒక్క విషయంలో తన పట్టు వదలదు. ప్రొడక్షన్ కొనుగోళ్లన్నీ ఒకే సోదర సంస్థ ఖాతాలో ఉంచాలన్నది అధికారి పద్ధతి. చిప్‌లో మార్పు వచ్చినా, తయారీ ఆపేస్తున్నా నోటీసు కొన్న ఖాతాకే వస్తుంది. కొనుగోళ్లు మూడు కంపెనీల్లో చెదిరితే చివరిసారి కొనుక్కునే గడువు తెలియకుండానే దాటిపోవచ్చని ఆయన భయం. ఇంజనీరు మాత్రం తయారీదారు దగ్గరే నేరుగా ఆ నోటీసులకు నమోదు చేసుకోవచ్చనీ, కొరత వచ్చినప్పుడు రెండో ఖాతా తెరిచి ఉన్న సంస్థకే ముందు సరుకు దొరుకుతుందనీ అంటుంది. ఏడాదికి పాతిక రకాల చిప్‌లు వాడే సంస్థకు ఆయన పద్ధతి సరిపోతుంది. వందల రకాలు వాడుతూ, వాటిలో సగం ఒకే తయారీదారు దగ్గర దొరికే సంస్థకు ఆమె మాటే మేలు. అలాంటి చోట నోటీసుల నమోదు బాధ్యత డిజైన్ విభాగం తన మీద వేసుకోవాల్సి ఉంటుంది.